చరరాశికి ఏ భాషలో పేరు?

ప్రోగ్రాములో చరరాశి పేరు యంత్రానికి గుర్తు మాత్రమే; రేపు దానిని సరిదిద్దవలసిన మనిషికే అందులోని అర్థంతో పని. 2008లో వెలువడిన పైథాన్ 3 తెలుగు లిపిలో పేర్లను అనుమతిస్తుంది. అయితే ‘సాఫ్ట్‌వేర్’ వంటి మాటలో పొల్లును నిలిపే కనబడని అక్షరాన్ని మాత్రం ఒప్పుకోదు. కంటికి ఆనని తప్పును వెదకడం ఎవరి తరం? రోమన్ లిపిని ఆశ్రయిస్తే ‘పాట’, ‘పాత’ ఒకటైపోతాయి.

లెక్కింపు, వరుస వంటి సాధారణ పనులకు ఇంగ్లీషు పేర్లే మేలు. బృందంలో తెలుగు రానివారూ ఉంటారు. ఆంధ్రప్రదేశ్ భూమి రికార్డుల సంగతి వేరు. సర్వే నంబరు వారీగా అనుభవదారును, పంటను చూపేది అడంగల్; హక్కులను చూపేది వన్ బి. ‘భూమి రికార్డు’ అనే అర్థంలో ఇంగ్లీషు పేరు పెడితే అది రెండింటికీ చెల్లుతుంది. కౌలుదారు యజమానిగా నమోదయ్యే ప్రమాదం అక్కడే పొంచి ఉంటుంది. అడంగల్‌ను అడంగల్‌గానే ఉంచి, పక్కన ఇంగ్లీషులో ఒక వివరణ వాక్యం చేరిస్తే చాలు.