నిమ్మరసం ఇచ్చే ఒక్క ఎలక్ట్రాన్

పొద్దున్నే టిఫిన్ తిని, చెయ్యి కడుక్కోగానే వేడివేడి టీ తాగడం చాలా ఇళ్లలో అలవాటు. ఆ కప్పు టీ, తిన్న తిండిలోని ఇనుమును చాలావరకు ఒంటికి పట్టనివ్వదని తెలిసినవారు తక్కువ.

పెద్దవారి శరీరంలో ఉండే ఇనుము 3-4 గ్రాములే, అంటే ఒక చిన్న మేకు బరువు. అందులో దాదాపు మూడింట రెండు వంతులు రక్తంలో ఆక్సిజన్‌ను మోసే హిమోగ్లోబిన్‌లోనే ఉంటుంది. సుమారు 120 రోజులు బతికే ఎర్ర రక్తకణం నశించాక, దానిలోని ఇనుమును శరీరం పారేయకుండా కొత్త కణాలకు వాడుకుంటుంది. పురుషులు రోజుకు కోల్పోయేది సుమారు 1 మిల్లీగ్రాము. నెలసరి కారణంగా స్త్రీలలో ఈ నష్టం ఎక్కువ.

అలాంటప్పుడు హైదరాబాద్‌లోని జాతీయ పోషకాహార సంస్థ 2020లో స్త్రీలకు రోజుకు 29, పురుషులకు 19 మిల్లీగ్రాముల ఇనుము ఎందుకు సూచించింది? తిన్నదంతా ఒంటికి పట్టదు కాబట్టి.

మాంసం, చేపల్లోని హీమ్ ఇనుము తేలిగ్గా పడుతుంది. ధాన్యాలు, పప్పులు, ఆకుకూరల్లోని ఇనుము ఎక్కువగా ఫెర్రిక్ రూపంలో ఉంటుంది. పేగు గోడలు దీన్ని నేరుగా తీసుకోలేవు. దానికి ఒక్క ఎలక్ట్రాన్ చేరితే ఫెర్రస్‌గా మారి లోపలికి వెళ్లగలుగుతుంది. విటమిన్ సి ఆ ఎలక్ట్రాన్‌ను ఇస్తుంది. టీలోని టానిన్లు, ధాన్యపు పొట్టులోని ఫైటేట్లు ఇందుకు విరుద్ధంగా ఇనుమును పట్టి బంధిస్తాయి.

దీనికి ఖరీదైన తిండి అక్కర్లేదు. 100 గ్రాముల సజ్జల్లో సుమారు 6 మిల్లీగ్రాముల ఇనుము ఉంటే, పాలిష్ పట్టిన బియ్యంలో 1 మిల్లీగ్రాము కూడా ఉండదు. పెసలు, శనగలు, తోటకూర, నువ్వులు కూడా మంచివే. గింజలను మొలకెత్తిస్తే, పిండిని పులియబెడితే ఫైటేట్లు తగ్గుతాయి. వేడికి విటమిన్ సి దెబ్బతింటుంది కాబట్టి, పప్పులో నిమ్మరసం పొయ్యి మీద నుంచి దించాకే పిండాలి. భోజనంతో పాటు ఒక జామకాయ తిన్నా సరే. టీ మాత్రం గంటసేపు ఆగి తాగాలి.

గర్భిణులు ఈ విషయంలో మరింత జాగ్రత్తగా ఉండాలి. ఐరన్ మాత్రను టీతోనో పాలతోనో వేసుకుంటే దాని ఫలితం తగ్గుతుంది. కాల్షియం మాత్రకూ దీనికీ కనీసం రెండు గంటల ఎడం ఉండాలి.

2019-21 జాతీయ కుటుంబ ఆరోగ్య సర్వే ప్రకారం దేశంలో 15-49 ఏళ్ల స్త్రీలలో 57 శాతం మందికి రక్తహీనత ఉంది. అందరికీ కారణం ఇనుము లోపమే కాదు. బి12, ఫోలేట్ లోపాలు, కొంకి పురుగులు, తలసీమియా కూడా కారణం కావచ్చు. తలసీమియా ఉన్నవారికి అదనపు ఇనుము హాని చేయవచ్చు. అందుకే నీరసంగా ఉందని సొంతంగా మాత్రలు కొనుక్కోకుండా, ముందు రక్తపరీక్ష చేయించుకోవాలి. టీ వేళ మార్చుకోవడానికి మాత్రం ఏ పరీక్షా అక్కర్లేదు, రేపటి టిఫిన్‌తోనే మొదలుపెట్టవచ్చు.