మైక్రోబ్లాగింగ్‌లో తెలుగు పరిశోధకుని తొలి అడుగులు

కీలకపదాలు: మైక్రోబ్లాగింగ్, యూనికోడ్, అక్షరపరిమితి, టపా, పరిశోధన ప్రచారం

ఉపోద్ఘాతం:

సిద్ధాంతగ్రంథాన్ని ఆసాంతం చదివేవారు తరచు పర్యవేక్షకులు, పరీక్షకులు మాత్రమే. అందులోని ఒక కొత్త శాసనపాఠమో, మాండలికపదమో గ్రంథాలయం గడప దాటి బయటి పాఠకుని చేరడానికి ఉన్న సులభమైన దారుల్లో మైక్రోబ్లాగింగ్ ఒకటి. 2006లో మొదలైన ట్విట్టర్ (2023 నుంచి ఎక్స్) దీనికి ప్రధాన వేదిక. మాస్టొడాన్, థ్రెడ్స్, బ్లూస్కై తరువాతివి. ఖాతా తెరవడం కొద్ది నిమిషాల పని, దానికి వివరణ అక్కరలేదు. తెలుగులో రాసేవారికి అసలు చిక్కు అక్షరాల లెక్కలో ఉంది.

1. అక్షరం - సంకేతం:

ట్విట్టర్ పరిమితి తొలుత 140. 2017 నవంబరులో అది 280 అయింది. అయితే యంత్రం లెక్కించేది ఛందశ్శాస్త్రం చెప్పే అక్షరాలను కాదు, యూనికోడ్ సంకేతాలను. హల్లు, పొల్లు, గుణింతపు గుర్తు, సున్న వేర్వేరు సంకేతాలు. ‘స్వాతంత్ర్యం’ మనకు మూడక్షరాలు. ఎక్స్ లెక్కలో పన్నెండు. 80 అక్షరాల ఉత్పలమాల పద్యం పాత 140లో ఇమడటం దాదాపు అసాధ్యం; 280లో సాధారణంగా ఇముడుతుంది. పద్యసాహిత్యంపై పనిచేసేవారికి ఇది చిన్న మార్పు కాదు. బ్లూస్కై పరిమితి 300 అయినా, అది సంకేతాలను కాక కంటికి కనిపించే అక్షరరూపాలను లెక్కిస్తుంది కనుక తెలుగుకు అక్కడ చోటు ఎక్కువ. మాస్టొడాన్‌లో సాధారణ పరిమితి 500.

2. ఖతుల సమస్య:

మన పరిశోధకుల్లో పలువురు నేటికీ అను ఖతులతో డి.టి.పి. చేయిస్తారు. ఆ పాఠాన్ని నేరుగా అతికిస్తే అర్థంలేని గుర్తులే కనిపిస్తాయి; యూనికోడ్‌లోకి మార్చి, ఒత్తులను సరిచూసుకోవాలి. పుటను ఫొటో తీసి పెట్టడం దీనికి పరిష్కారమని నేను భావించను. బొమ్మలోని పాఠం అన్వేషణకు అందదు, చూపులేని పాఠకునికి వినిపించదు. బొమ్మ తప్పనిసరైతే దాని వివరణపాఠాన్ని జతచేయాలి.

3. టపా నిర్మాణం:

ఒక టపాలో ఒక్క విషయమే చెప్పాలి. వ్యాససంగ్రహాన్ని ముక్కలు చేసి వరుసగా పెట్టడం కొత్తవారు చేసే పొరపాటు. వరుసలోని ప్రతి టపా విడిగా కూడా పాఠకుని ఎదుటికి వస్తుంది. ‘దీనివల్ల’ అని మొదలయ్యే అయిదవ టపా అతనికి అగమ్యం. వ్యాసం లంకె ఎంత పొడవున్నా ఎక్స్ దానిని 23గానే లెక్కిస్తుంది కనుక ఆధారం ఇవ్వకపోవడానికి చోటు చాలదన్న సాకు చెల్లదు. హ్యాష్‌ట్యాగ్‌లో ఖాళీ వస్తే అది అక్కడితో తెగిపోతుంది.

ప్రచురణకు ముందే మూలప్రతి విశేషాలను వెల్లడించవచ్చునా అన్నది వివాదాస్పదం. టపాకు తేదీ ఉంటుంది గాని, అది సమీక్షకుల పరిశీలన పొందినది కాదు. సేకరణ యజమాని అనుమతి లేని తాళపత్రాల చిత్రాలను మాత్రం పెట్టరాదు.

వేదికలు శాశ్వతం కావు. తెలుగుకూ చోటిచ్చిన ‘కూ’ 2020లో మొదలై 2024లో మూతపడింది. ఎక్స్‌లో ఖాతా అమరికల నుంచి మన టపాల ప్రతిని దించుకునే వీలుంది. ప్రతి విద్యాసంవత్సరాంతంలో దానిని దించి, ప్రచురణల జాబితాతో పాటు భద్రపరచుకోవాలి.