ప్రేలని బాంబులు: వరుస నిర్ణయము, వ్రాత

శత్రువిమానము విడిచిన బాంబు ప్రేలినచో నష్టము కన్నుల ఎదుట కనిపించును. ప్రేలక భూమిలో దిగబడిన బాంబు సంగతి వేరు. అది చెడిపోయి ఊరకున్నదో, గడియలు లెక్కించుచు వేచియున్నదో పైనుండి చూచువానికి తెలియదు. 1942 ఏప్రిల్ 6వ తేదీన విశాఖపట్నము, కాకినాడలపై జపానువారి బాంబులు పడగా, వైమానికదాడి యెట్టిదో తెలుగు తీరమువారు ఎరిగిరి. అంతకుముందే, 1940 సెప్టెంబరు 7 మొదలుకొని, లండను నగరము వరుసగా 57 రాత్రులు ఆ బాధను సహించినది. అచటి సైనికులు ప్రేలని బాంబులను తొలగించుటలో అనుసరించిన పద్ధతిని విద్యార్థులకు వివరింప దలచితిమి.

ఆనాడు పడిన బాంబులలో సుమారు పదింట ఒకటి వెంటనే ప్రేలలేదు. కొన్ని లోపమువలన ప్రేలలేదు. కొన్నిటిని ఆలస్యముగా ప్రేలునట్లు బుద్ధిపూర్వకముగనే అమర్చిరి. విమానాశ్రయములలోని బాంబులను బ్రిటిషు వైమానికదళము, పారాచూటు మైనులను నౌకాదళము చూచుకొనగా, పట్టణములలో పడిన సామాన్యపు బాంబులను తొలగించు భారము భూసేనకు చెందిన రాయల్ ఇంజనీర్లపై పడినది.

బాంబులు అనేకము, పని తెలిసినవారు కొందరే. కనుక ఏది ముందు, ఏది వెనుక అను ప్రశ్నయే మొదటిది. బాంబు పడిన చోటును వార్డెనుగాని పోలీసుగాని తెలుపగా, ముందు ఎవరైన పోయి అది నిజముగా బాంబు రంధ్రమేనా యని పరీక్షించెడివారు. పిమ్మట దానిని ఏ, బి, సి, డి అను నాలుగు తరగతులలో ఒకదానియందు చేర్చెడివారు. యుద్ధమునకు, ప్రజాజీవనమునకు అత్యవసరమైన చోట పడినది ‘ఏ’ తరగతి. దానిని వెంటనే తొలగింపవలెను. అందులోను రెండు భేదములు గలవు: ఉన్నచోట ప్రేలనిచ్చుటకు ఎంతమాత్రము వీలులేనిది యొకటి, గత్యంతరము లేనిచో అక్కడనే ప్రేల్చివేయదగినది మరియొకటి. తక్కిన తరగతులు క్రమముగా తొందర తగ్గినవి. ఎవరికిని ఇబ్బంది కలిగింపని చోట పడినది ‘డి’ తరగతి. దాని వంతు చివరిది.

ఈ తరగతుల వెనుక ప్రాణముల లెక్క యున్నది. జర్మనుల 17వ నెంబరు ఫ్యూజులో గడియారపు యంత్రముండి, మూడు దినములవరకు ఆలస్యముగా బాంబును ప్రేల్చగలదు. కాన తొందరలేని బాంబును 96 గంటలు ముట్టక విడిచెడివారు. ఆ నాలుగు దినములు ఇరుగుపొరుగువారు ఇండ్లు విడిచి యుండవలెను. అయినను త్రవ్వువారి ప్రాణములు దక్కును. ‘ఏ’ తరగతి బాంబుకు మాత్రము ఈ గడువు లేదు. ఒక బాంబును ‘ఏ’ తరగతిలో చేర్చుట యనగా, దానికొరకు కొందరి ప్రాణములను అపాయమునకు ఒడ్డుటయే. ఆ అక్షరము వ్రాయువాని బాధ్యత త్రవ్వువాని బాధ్యతకు తీసిపోదు.

ఆగుటకు వీలులేని స్థితికి సెయింట్ పాల్ దేవాలయము ప్రసిద్ధమైన దృష్టాంతము. 1940 సెప్టెంబరు 12న దాని చెంత ఒక బాంబు భూమిలో లోతుగా దిగబడినది. లెఫ్టినెంటు రాబర్ట్ డేవీస్ దళము మూడు దినములు త్రవ్వి, 15వ తేదీన దానిని పైకి తీసినది. డేవీస్ దానిని లారీలో హాక్నీ మార్షెస్ అను బయలునకు చేర్చెను. అక్కడ ప్రేల్చగా సుమారు 100 అడుగుల వెడల్పుగల గొయ్యి ఏర్పడినది. డేవీస్‌కును, సాపరు జార్జి వైలీకిని జార్జి క్రాస్ పతకము లభించినది.

ఇక వ్రాత సంగతి. ప్రతి ఫ్యూజు తలపై ఒక వలయములో అంకె చెక్కబడి యుండెను. 15 అనగా తాకిడికి ప్రేలునది. 17 గడియారము గలది. 50 కదలించినచో ప్రేలునది. ఈ అంకెల అర్థమును తెలిసికొనుటకు ఎందరో ప్రాణములిచ్చిరి. అందుచే క్రొత్తరకము ఎదురైనప్పుడు చేసిన ప్రతి చర్యయు వెంటనే వ్రాతకెక్కవలెను. పరిశోధకుడు సఫక్ ప్రభువు పని చేయుచు తన ప్రతి చర్యను పైకి చెప్పగా, కార్యదర్శిని ఐలీన్ బెరిల్ మార్డెన్ వ్రాసికొనుచుండెడిది. ఆయన మరణించినను నేర్చినది మిగులవలెనని ఉద్దేశము. 1941 మే 12న ఎరిత్ మార్షెస్‌లో బాంబు ప్రేలి ఆయనయు, ఆమెయు, కారు నడుపు ఫ్రెడ్ హార్డ్స్‌యు, మరికొందరును మరణించిరి.

మిక్కిలి లోతుగా దిగి తీయుటకు అలవికాని బాంబులను అక్కడనే విడిచి, ఆ చోట్లను గుర్తించి యుంచిరి. లండనులో అట్లు విడిచిన బాంబుల పట్టికను 1996లో బ్రిటిషు పార్లమెంటునకు సమర్పించిరి. ఇల్లు కట్టువానికి పునాది త్రవ్వుటకు ముందు ఆ పట్టిక అవసరము. యుద్ధము ముగిసినను బాంబు ఎదురుచూచుచునే యుండును: 2021 ఫిబ్రవరిలో ఎక్సెటర్ నగరమున సుమారు వేయి కిలోల బాంబు బయటపడగా, 2,600కు పైగా గృహముల వారిని తరలించి దానిని ప్రేల్చివేసిరి. 2024 ఫిబ్రవరిలో ప్లిమత్‌లో ఒక ఇంటి తోటలో దొరికిన 500 కిలోల బాంబును వీధులగుండ తీసికొనిపోయి సముద్రములో ప్రేల్చిరి.

బాంబును తొలగించువాని ధైర్యమును లోకము కొనియాడును, అది ఉచితమే. కాని వరుస నిర్ణయించినవాడు తప్పినచో ఆ ధైర్యము అవసరములేని చోట వ్యయమగును. వ్రాసినవాడు తప్పినచో ఒకడు ప్రాణమిచ్చి నేర్చిన పాఠమును మరియొకడు మరల ప్రాణమిచ్చి నేర్వవలసివచ్చును. పుస్తకమునందు శ్రద్ధగా వ్రాసిన యొక్క పంక్తి ఎన్నడును కానని మనుష్యుని కాపాడగలదని మా విద్యార్థులు గ్రహింతురుగాక.