పన్నెండు బోరు తుపాకీ: బిగించే భాగాలు, మారే లెక్కలు

2025 అక్టోబరు 17న బస్తర్ కేంద్రమైన జగదల్‌పూర్‌లో 210 మంది మావోయిస్టులు ఆయుధాలు అప్పగించి లొంగిపోయారు. ఆ రోజు పోలీసులకు అందిన ఆయుధాలు 153. వాటిలో ఏకే-47లు 19, ఎస్‌ఎల్‌ఆర్‌లు 17, ఇన్సాస్ రైఫిళ్లు 23, త్రీనాట్‌త్రీ రైఫిళ్లు 36. జాబితాలో అన్నిటికన్నా పెద్ద అంకె మాత్రం 12 బోరు, సింగిల్ షాట్ తుపాకులది: 41.

ఏకే-47 పేరు చిన్నపిల్లలకు కూడా తెలుసు. 12 బోరు గురించి తెలిసినవాళ్లు తక్కువ. బస్తర్‌లో భర్మార్ అనీ, మన ఏజెన్సీ ప్రాంతాల్లో నాటు తుపాకీ అనీ పిలిచే ఆయుధం, కాశ్మీర్ వార్తల్లో విన్న పెల్లెట్ గన్, అమెరికాలో ఇళ్లలో ఉంచుకునే పంప్ యాక్షన్ తుపాకీ, ఇవన్నీ ఒకే కుటుంబం. గొట్టం లోపలి గోడ నున్నగా ఉండటం, సాధారణంగా ఒక్క బుల్లెట్ బదులు గుళ్ల గుంపును వదలడం ఈ కుటుంబ లక్షణాలు.

కొత్తగా పంప్ యాక్షన్ తుపాకీ కొన్నవాళ్లు దాన్ని కంపెనీ ఇచ్చిన రూపంలో ఉంచేది తక్కువ. మడమకు రబ్బరు మెత్త, గొట్టం కొసకు చోక్, పైన సైటు, ముందు భాగాన టార్చిలైటు బిగిస్తారు. మన దేశంలో భద్రతా దళాలు కూడా ఈ తుపాకీ కొసకు ఒక భాగాన్ని బిగించి, దానిమీద పెద్ద ఆశలే పెట్టుకున్నాయి. ఈ భాగాలు నిజంగా ఏం చేస్తాయో తెలియాలంటే ఒక సూత్రం పట్టుకుంటే చాలు. బయటి నుంచి బిగించిన ఏ భాగమూ తుపాకీకి కొత్త శక్తిని ఇవ్వదు. తూటాలోని మందు పుట్టించిన శక్తి ఎటు పోవాలి, ఎంత సేపట్లో పోవాలి, ఎంత వెడల్పున పరుచుకోవాలి అన్నదాన్నే అది మారుస్తుంది. ఒకచోట లాభం కనిపిస్తే, దాని ఖర్చు మరోచోట తప్పక ఉంటుంది.

పన్నెండు ఎక్కడి నుంచి వచ్చింది?

ఒక పౌను సీసాన్ని పన్నెండు సమాన గోళీలుగా పోస్తే ఒక్కొక్కటి దాదాపు 37.8 గ్రాములు తూగుతుంది. సీసం సాంద్రతతో లెక్క కడితే ఆ గోళీ వ్యాసం 18.5 మిల్లీమీటర్లు. అది సరిగ్గా పట్టే గొట్టమే 12 బోరు. ఇరవై గోళీలు చేస్తే ఒక్కోటి చిన్నదవుతుంది కాబట్టి 20 బోరు గొట్టం 12 బోరు కన్నా సన్నం.

భర్మార్‌లో మందు, గుళ్లు గొట్టం మూతి నుంచే కూరాలి. ప్రతిసారీ చేతి అంచనాయే కొలత. అందుకే ఒక దెబ్బకూ మరో దెబ్బకూ పోలిక ఉండదు. ఊళ్లలో చేసిన గొట్టం ఎంత ఒత్తిడి తట్టుకుంటుందో ఎవరూ పరీక్షించి ఉండరు కనుక అది పేలిపోయే ప్రమాదం కాల్చేవాడి ముఖానికి అతి దగ్గరలో ఉంటుంది. ఫ్యాక్టరీ తుపాకీని అమ్మకానికి ముందు, మామూలు కన్నా ఎక్కువ ఒత్తిడి పుట్టించే తూటాతో కాల్చి చూస్తారు. దీన్నే ప్రూఫ్ పరీక్ష అంటారు. పశ్చిమ బెంగాల్‌లోని ఇషాపూర్ రైఫిల్ ఫ్యాక్టరీ మన దేశంలో 12 బోరు పంప్ యాక్షన్ తుపాకులు తయారు చేస్తోంది.

పంప్ యాక్షన్‌లో గొట్టం కింది పిడిని చేత్తో వెనక్కి లాగితే కాలిన తూటా డొల్ల బయటపడుతుంది, ముందుకు తోస్తే కొత్త తూటా లోపలికి వెళ్తుంది. యంత్రాన్ని కదిలించేది మనిషి చెయ్యి. దానంతటదే తూటా మార్చుకునే తుపాకీకి పేలుడు ఒత్తిడో, వెనక్కి తన్నే బలమో కావాలి. తక్కువ బలమున్న తూటా వేస్తే అది మధ్యలో ఇరుక్కుపోవచ్చు. పంప్ యాక్షన్‌కు ఆ బాధ లేదు. రబ్బరు గుళ్ల తూటా అయినా, సీసపు గుళ్ల తూటా అయినా ఒకేలా పనిచేస్తుంది. గుంపులను చెదరగొట్టడానికి పోలీసులు దీన్ని ఎంచుకోవడానికి ఇదొక ముఖ్య కారణం.

తన్నే దెబ్బ, దాన్ని మింగే మెత్త

తుపాకీ ఎందుకు తన్నుతుందో న్యూటన్ మూడో సూత్రం చెబుతుంది. 32 గ్రాముల గుళ్లు సెకనుకు 390 మీటర్ల వేగంతో ముందుకు దూకాయనుకుందాం. 3.2 కిలోల తుపాకీ అదే ద్రవ్యవేగంతో వెనక్కి రావాలి. భాగిస్తే సెకనుకు 3.9 మీటర్ల వేగం వస్తుంది. పొగగా వెళ్లే వాయువుల వాటా కలిపితే ఇంకాస్త ఎక్కువే. భుజానికి తగిలే శక్తి దాదాపు 24 జౌళ్లు. గుళ్లు తీసుకువెళ్లే శక్తి మాత్రం 2,400 జౌళ్లకు పైనే. ద్రవ్యవేగం రెండింటికీ సమానమే అయినా, శక్తిలో సింహభాగం తేలికైన గుళ్లకే దక్కుతుంది.

గట్టి చెక్క మడమ భుజం మీద ఒక సెంటీమీటరు దూరంలో ఆగిపోతే సగటు బలం 2,400 న్యూటన్లు. రబ్బరు మెత్త నొక్కుకుపోతూ ఆ దూరాన్ని రెండున్నర సెంటీమీటర్లు చేస్తే బలం 960 న్యూటన్లకు దిగుతుంది. దెబ్బలోని శక్తి ఎక్కడికీ పోలేదు, ఎక్కువ దూరం మీద పరుచుకుంది, అంతే. మెత్త వేసినందుకు మడమ పొడవు పెరుగుతుంది. పొట్టి చేతులున్న మనిషికి అప్పుడు గురి కుదరదు.

అదనపు భాగాల బరువు కూడా లెక్కలోకి వస్తుంది. లైటు, తూటాల పట్టీ కలిసి అర కిలో పెరిగితే తుపాకీ బరువు 3.7 కిలోలవుతుంది, తన్నే శక్తి 24 నుంచి 21 జౌళ్లకు తగ్గుతుంది. కానీ ఆ అర కిలో ముందు భాగంలో వేలాడితే ఎడమ చెయ్యి త్వరగా అలసిపోతుంది, గొట్టం మూతి కిందికి వాలుతుంది.

మిల్లీమీటరు చేసే మాయ

నున్నటి గొట్టం నుంచి బయటపడిన గుళ్లు, చేపలవాడు విసిరిన వల గాలిలో విచ్చుకున్నట్టు, దూరం వెళ్లేకొద్దీ విచ్చుకుంటాయి. గొట్టం కొసన లోపలి వ్యాసాన్ని కొద్దిగా తగ్గిస్తే ఆ విచ్చుకోవడం ఆలస్యమవుతుంది. ఆ ఇరుకే చోక్. ఇంగ్లండుకు చెందిన తుపాకుల తయారీదారు గ్రీనర్ 1870లలో దీన్ని ప్రాచుర్యంలోకి తెచ్చాడు.

దీన్ని కొలిచే పద్ధతి చక్కటిది. దాదాపు 36 మీటర్ల దూరంలో పెద్ద కాగితం నిలబెట్టి కాలుస్తారు. గుళ్లు బాగా పడ్డ చోట సుమారు 75 సెంటీమీటర్ల వ్యాసంతో వలయం గీసి, లోపలి రంధ్రాలు లెక్కపెడతారు. చోక్ లేని గొట్టం అయితే గుళ్లలో దాదాపు 40 శాతం వలయంలో పడతాయి. సగం చోక్‌తో 60 శాతం, పూర్తి చోక్‌తో 70 శాతం. ఈ తేడా అంతా తెచ్చేది ఒక మిల్లీమీటరు ఇరుకే.

బస్తర్‌లోని సాలవృక్షాల అడవిలో వానాకాలం చూపు ఆనేది కొద్ది మీటర్లే. అంత దగ్గరలో గుళ్లు ఇంకా గుత్తిగానే ఉంటాయి, కాబట్టి పూర్తి చోక్ వల్ల లాభం లేదు. చోక్ గుళ్ల వేగాన్నీ చెప్పుకోదగినంత మార్చదు. గాలి నిరోధం మీద దాని అధికారం అసలే లేదు. చిన్న గుళ్లు త్వరగా నెమ్మదిస్తాయి. వ్యాసం సగమైతే బరువు ఎనిమిదో వంతవుతుంది, గాలికి ఎదురయ్యే వైశాల్యం మాత్రం నాలుగో వంతుకే తగ్గుతుంది. బరువుతో పోలిస్తే గాలి దెబ్బ రెట్టింపన్నమాట.

సైటు కథ కంటికి సంబంధించింది. మన కన్ను ఒకేసారి దగ్గరి వస్తువునూ దూరపు వస్తువునూ స్పష్టంగా చూడలేదు. గొట్టం కొసనున్న పూసను చూస్తే లక్ష్యం మసకబారుతుంది. ఎర్రచుక్క సైటులో కటకం ఆ చుక్కను ఎంతో దూరాన ఉన్నట్టు చూపిస్తుంది, చుక్కా లక్ష్యమూ ఒకేసారి స్పష్టమవుతాయి. అయితే ప్రతి దెబ్బకూ దాని మరలు కుదుపుకు లోనవుతాయి. ఒక్క మర వదులైనా చుక్క చూపే చోటూ గుళ్లు పడే చోటూ వేరవుతాయి.

మూతికి బిగించిన డిఫ్లెక్టర్

2010 నుంచి కాశ్మీర్‌లో గుంపులను చెదరగొట్టడానికి పంప్ యాక్షన్ తుపాకులతో సన్నటి లోహపు గుళ్లు కాల్చారు. ఒక్క తూటాలో వందల గుళ్లుంటాయి. 2016 వేసవిలో వందలమంది కళ్లు దెబ్బతిన్నాయి. 32 రోజుల్లో 13 లక్షల గుళ్లు వాడినట్టు సీఆర్‌పీఎఫ్ ఆ ఏడాది అక్కడి హైకోర్టుకు తెలిపింది. బస్తర్ అడవుల్లో క్యాంపులు పెట్టింది కూడా ఇదే దళం.

2017 ఫిబ్రవరిలో అప్పటి సీఆర్‌పీఎఫ్ అధిపతి, మన ఉమ్మడి ఆంధ్రప్రదేశ్ కేడర్‌కు చెందిన కె. దుర్గాప్రసాద్, ఈ తుపాకుల మూతికి డిఫ్లెక్టర్ బిగించామని ప్రకటించారు. బీఎస్‌ఎఫ్ వర్క్‌షాపు దాన్ని తయారు చేసింది. గుళ్లు పైకి, ముఖం వైపు ఎగరకుండా ఆపడం దాని పని.

ఉద్దేశం మంచిదే. భౌతికశాస్త్రం దాని హద్దును కూడా చెబుతుంది. డిఫ్లెక్టర్ గుళ్ల గుంపును ఒకవైపు కత్తిరించగలదు. తుపాకీ మూతి ఏ కోణంలో ఉందో అది నిర్ణయించలేదు. పరుగెత్తుతూ ఉన్న మనిషి వంగితే, జారిపడితే, పక్కన పసిపిల్ల నిలబడి ఉంటే, నేలకు తగిలిన గుళ్లు మళ్లీ పైకి లేస్తే అది చేయగలిగింది ఏమీ లేదు. కంటి పొరను చీల్చడానికి చర్మాన్ని చీల్చేంత శక్తి అవసరం లేదు, అందుకే దూరం నుంచి వచ్చిన బలహీనమైన గుండు కూడా చూపు తీసేయగలదు. ఆ తర్వాతి ఏడాది కూడా పిల్లల కళ్లకు గుళ్లు తగిలిన వార్తలు వచ్చాయి. గుళ్లు చెదరడం ఈ తుపాకీ స్వభావం. ఆ స్వభావాన్ని మూతికి బిగించిన లోహపు ముక్క మార్చలేదు.

చట్టం గీసిన గీత

1959 ఆయుధాల చట్టం పంట కాపలాకు మూతి నుంచి కూరే తుపాకీని, ఆత్మరక్షణకు ఇరవై అంగుళాలకు తగ్గని నున్నటి గొట్టం తుపాకీని లైసెన్సుపై అనుమతిస్తుంది. గొట్టం పొట్టిగా కోయడానికి విడిగా లైసెన్సు కావాలి, లేకుంటే నేరం. 2019 సవరణ ఒక మనిషి వద్ద ఉండదగిన తుపాకులను మూడు నుంచి రెండుకు తగ్గించింది. అడవి పందుల నుంచి జొన్నచేను కాపాడుకోవాలనుకునే రైతుకు లైసెన్సు ఉన్నా, వేటకు అనుమతి ఉన్నట్టు కాదు. 1972 వన్యప్రాణి సంరక్షణ చట్టం వేటను నిషేధించింది.

గుళ్లు పడ్డాక వాటి కథ ముగియదు. మట్టిలో, చెరువులో చేరిన సీసాన్ని పక్షులు గులకరాళ్లనుకుని మింగి చనిపోతాయి. నీటి పక్షుల వేటలో సీసపు గుళ్లను అమెరికా 1991లో నిషేధించింది. చిత్తడి నేలల్లో యూరోపియన్ యూనియన్ 2023 ఫిబ్రవరిలో నిషేధించింది. ఇంద్రావతి తీరపు అడవుల్లో రాబందులను కాపాడే ప్రయత్నాలు సాగుతున్న బస్తర్‌కు ఇది దూరపు సంగతి కాదు. సీసానికి బదులు ఉక్కు గుళ్లు వాడితే చోక్ లెక్క మళ్లీ మారుతుంది. ఉక్కు నలగదు, అందుకని బిగుతు చోక్‌లోంచి కాలిస్తే గొట్టం దెబ్బతినవచ్చు.

వేటగాడికైనా పోలీసుకైనా నియమం ఒకటే కావాలి. ఒక్కసారి ఒక్క భాగాన్నే మార్చాలి. అదే తూటాతో, అదే దూరం నుంచి, మార్చకముందూ మార్చాకా కాగితం మీద కాల్చి రంధ్రాలు లెక్కపెట్టాలి. ఇంటివాడు తన తుపాకీకి ఈ పని చేసుకుంటే తన భుజం కాపాడుకుంటాడు. మనుషుల మీదికి గురిపెట్టే తుపాకీకి ప్రభుత్వం డిఫ్లెక్టర్ బిగించినప్పుడు మాత్రం ఆ కాగితాలు ప్రజల ముందు ఉండాలి: ఎన్ని మీటర్ల దూరంలో, ఎన్ని గుళ్లు, మనిషి ఎత్తులో ఎక్కడ పడ్డాయి? ఆ లెక్క చూపకుండా దాన్ని రక్షణ కవచమని నమ్మమనడం శాస్త్రం కాదు. జగదల్‌పూర్‌లో తుపాకులు కింద పెట్టిన ఈ కాలంలో, ఇకముందు బస్తర్‌లో నిరసనకు దిగే గుంపుల ముందు ఏ ఆయుధం నిలబడాలన్న నిర్ణయం ఆ లెక్క చూశాకే జరగాలి.