వాయిదాలమీద ఇల్లు

“ఇల్లు కట్టి చూడు, పెండ్లి చేసి చూడు” అన్న పెద్దలు ఇల్లు కొని చూడుమని యేల యనలేదో తెలియదు. ఆ దినములలో కొనుట యంత కష్టము కాదు కాబోలు. నేడు అమీరుపేటలోగాని పంజగుట్టలోగాని రెండు పడకగదుల ఫ్లాటు కొనదలచిన గృహస్థును అడిగిన చెప్పును. 2017లో అమీరుపేటకును, 2018లో పంజగుట్టకును మెట్రోరైలు వచ్చినది. నిమ్సు ఆసుపత్రి చేరువనే యున్నది. ఇంతకాలము అద్దెకున్న పేటను విడువ మనసు రాదు. సొమ్మంతయు ఒక్కమారు చేత నుండదు.

బ్యాంకువారు ఆదాయపు లెక్కలు చాలవనియో, మేడ పాతదనియో, వెనుకటి దస్తావేజొకటి లేదనియో అప్పు నిరాకరింతురు. అప్పుడు యజమానియే, “కొంత బయానా యిచ్చి కాపురము పెట్టుడు, తక్కినది నెలనెల నాకే కట్టుడు” అనును. వినుటకు ఎంత హాయి! కాని బ్యాంకు ఏ కాగితము లేదని వెనుదీసెనో ఆ కాగితము మనకును కావలసినదే గదా.

ఈ పద్ధతి హైదరాబాదునకు క్రొత్త కాదు. ఆంధ్రప్రదేశ్ గృహనిర్మాణమండలి ఎన్నో ఇండ్లను అద్దె-కొనుగోలు పద్ధతిమీద ఇచ్చినది. కిస్తులన్నియు తీరిన పిమ్మటనే విక్రయ దస్తావేజు వ్రాసియిచ్చెడివారు. అక్కడ అమ్మునది ప్రభుత్వసంస్థ. దానికి మరణము లేదు, వారసులు లేరు, మనసు మారుట అరుదు. ఒక వ్యక్తితో బేరము అట్టిది కాదు.

కావున సోదరీమణులు మొదట అడుగవలసిన ప్రశ్న ధరనుగూర్చి కాదు. కిస్తులు కట్టుచున్న ఆ యేండ్లలో రిజిస్ట్రారు పుస్తకములో ఇల్లు ఎవరి పేర నుండును?

అగ్రిమెంటు మాత్రమే వ్రాసికొన్నచో అది అమ్మిన వాని పేరనే యుండును. అమ్మెదనను ఒడంబడిక తనంతట ఆస్తిమీద హక్కు కలిగింపదని 1882 నాటి ఆస్తి బదిలీ చట్టము చెప్పుచున్నది. జనరల్ పవరాఫ్ అటార్నీ వ్రాయించుకొన్నాము గదా యని ధైర్యపడువారు కలరు. దానివలన ఇల్లు మనది కాదని 2011లో సుప్రీముకోర్టు సూరజ్ ల్యాంపు వ్యాజ్యములో స్పష్టపరచినది. కట్టిన సొమ్ముకు ఆ యింటిమీద భారమును చట్టమే కల్పించినను, దానిని రాబట్టుకొనుటకు కోర్టు మెట్లెక్కవలయును. ఇల్లు వ్రాసి యిమ్మని దావా వేయుటకు గడువు 3 సంవత్సరములే. ఒడంబడికలో తేదీ యున్న ఆ దినమునుండి, లేనిచో యజమాని నిరాకరించిన సంగతి తెలిసిన దినమునుండి అది నడచును. ఇంతలో యజమాని మరణించెనా, నలుగురు వారసులతో పని.

ఇంతకంటె మేలైన మార్గమొకటి కలదు. మొదటనే విక్రయ దస్తావేజు రిజిస్టరు చేయించుకొని, మిగిలిన బాకీకి అదే యింటిని యజమానికి తనఖా పెట్టుట. యజమానికి భయమేల? చెల్లని ధరకు అమ్మినవానికి ఆ యింటిమీద భారము చట్టముచేతనే కలదు. తనఖా దానికి తోడు. దీనికి యజమాని సుతరాము ఒప్పుకొననిచో అగ్రిమెంటునైనను రిజిస్టరు చేయింపవలయును. 2001 సవరణ పిమ్మట, రిజిస్టరు కాని అగ్రిమెంటుతో కాపురమున్నవారికి ఆ చట్టపు రక్షణ లేదు. స్వాధీనముతో కూడిన అగ్రిమెంటుకు అమ్మకముతో సమానమైన స్టాంపు పడును. తుది దస్తావేజునాడు దానిని మినహాయింతురు.

ఇక వడ్డీ. “ముప్పావలా వడ్డీయే” యనగానే చవుకయని తోచును. 40 లక్షల బాకీ, 5 సంవత్సరముల గడువు అనుకొందము. తరుగుచున్న అసలుమీద లెక్కించిన నెలకు సుమారు 83,000 రూపాయలు, మొత్తము వడ్డీ 10 లక్షలకు లోపు. మొదటి అసలుమీదనే ఐదేండ్లును లెక్కించిన నెలకు 96,667 రూపాయలు, వడ్డీ 18 లక్షలు. వడ్డీ పేరొక్కటే, తేడా 8 లక్షలు! ఏ లెక్కయో కాగితముమీద వ్రాయించి, నెలవారీ పట్టికను దస్తావేజుతో జతపరుపవలయును.

యజమాని అదే యింటిని బ్యాంకులో కుదువ పెట్టియుండవచ్చును. ఈ.సి. తీయించుట మంచిదే గాని, దస్తావేజులను బ్యాంకున అప్పగించి తెచ్చిన అప్పు అందు కనబడకపోవచ్చును. అసలు దస్తావేజులను కంటితో చూడవలయును. మీరు నెలతప్పక కట్టుచుండగా ఆయన తన బ్యాంకుకు కట్టనిచో, వేలమునకు వచ్చునది మీరున్న ఇల్లే.

బయానాగాని కిస్తుగాని 20,000 రూపాయలు మొదలుకొని నగదుగా పుచ్చుకొనరాదని ఆదాయపుపన్ను చట్టము; బ్యాంకుద్వారా చెల్లించిన రసీదు పోయినను జాడ పోదు. ధర 50 లక్షలైనను, అంతకు మించినను ప్రతి చెల్లింపులో నూటికి రూపాయి పన్నుగా పట్టి ప్రభుత్వమునకు కట్టుట కొనువారి బాధ్యత.

ఈ కాగితములు మగవారి సొరుగులో నుండుట మన యిండ్ల వాడుక. భర్త హఠాత్తుగా పోయిన యింట, ఇంకెన్ని కిస్తులున్నవో భార్యకు తెలియక, యజమాని చెప్పిన లెక్కయే లెక్కయగును. దస్తావేజులో ఇద్దరి పేర్లుండవలెననుటలో అవిశ్వాస మేమున్నది? కట్టిన కిస్తులను పాలలెక్కవలె ఒక పుస్తకమున వ్రాసికొని, యేటేట యజమానిచేత సంతకము చేయించుకొనుట గృహిణికి పెద్దపని కాదు.

కడపటి కిస్తునాడు మిఠాయి పంచుటతో సరిపుచ్చక, తనఖా విడుదల పత్రమును రిజిస్టరు చేయించి, నెలరోజుల పిదప మరల ఒక ఈ.సి. తీయించి మీ పేరు చూచుకొనుడు.