పసుపు లారీ కంటే ముందు కదిలే లెక్క

సరుకు ఎక్కడ పుట్టినా అది కావలసిన చోటికి, కావలసిన రోజుకు, కావలసినంతే చేరేలా చూడటం సరఫరా, పంపిణీల మేనేజరు పని. లారీలు మాట్లాడటం, హమాలీలను పురమాయించడం ఆ పనిలో పైకి కనిపించే భాగం మాత్రమే. గోదాములో ఎంత ఉంది, దారిలో ఎంత ఉంది, దుకాణంలో ఎంత మిగిలింది అన్న మూడు లెక్కలూ ఏ పూటకు ఆ పూట తెలిసి ఉండటమే అసలు భాగం. రాయ్‌పూర్ కేంద్రంగా ఛత్తీస్‌గఢ్ అంతటా సాగే రేషన్ బియ్యం పంపిణీ ఇందుకు మంచి ఉదాహరణ.

అక్కడి వరి ధాన్యంలో అధిక భాగం శీతాకాలంలో ఇంచుమించు మూడు నెలల్లోనే కొనుగోలు కేంద్రాలకు వచ్చిపడుతుంది, తినేది మాత్రం పన్నెండు నెలలు. మేనేజరు చిక్కులకు మూలం ఈ వ్యత్యాసమే. ప్రాథమిక సహకార సంఘాలు 17 శాతానికి మించని తేమ ఉన్న ధాన్యాన్ని మద్దతు ధరకు కొంటాయి; మిల్లరు దాన్ని ఆడించి క్వింటాలుకు 67 కిలోల పచ్చిబియ్యం తిరిగి అప్పగించాలి, దీనినే కస్టమ్ మిల్లింగ్ అంటారు. ఇంత పెద్ద యంత్రాంగమూ గోనె సంచులు అందకపోతే ఆగిపోతుంది. ఆ సంచులు ప్రధానంగా బెంగాల్ జనపనార మిల్లుల నుంచి రావాలి.

రేషన్ దుకాణాలు ప్రైవేటు డీలర్ల చేతుల్లో ఉన్నంతకాలం డిపో నుంచి సరుకు తెచ్చుకునే బాధ్యత వారిదే కావడంతో, కమీషన్ చాలనివారికి బియ్యాన్ని దారి మళ్లించడమే లాభసాటిగా ఉండేది. 2004లో వచ్చిన ఉత్తర్వుతో దుకాణాలు పంచాయతీలకు, సహకార సంఘాలకు, మహిళా బృందాలకు దక్కాయి. పౌర సరఫరాల సంస్థే పసుపు రంగు పూసిన లారీల్లో సరుకును దుకాణం గుమ్మానికి చేర్చసాగింది. 2007 తరువాత కంప్యూటరీకరణ వచ్చింది: దుకాణం మిగులు చెప్పాలి, కోటాలోంచి దాన్ని తీసివేయాలి, ఆ తరువాతే లారీకి సరుకు విడుదల ఉత్తర్వు పుట్టాలి. 2004-05లో సగానికి పైగా బియ్యం దారి మళ్లితే, 2009-10 నాటికి అది పదో వంతుకు తగ్గిందని ఆర్థికవేత్తలు జాఁ ద్రెజ్, రీతికా ఖేరా జాతీయ నమూనా సర్వేల ఆధారంగా అంచనా వేశారు.

ఈ ఘనతను కంప్యూటరుకు కట్టబెట్టడం పరిపాటి, అయితే అది సగం నిజమే. మిగులు తేలనిదే కొత్త సరుకు కదలరాదన్న నియమానిదే ప్రధాన పాత్ర. పైగా కంప్యూటరు బస్తాలను లెక్కపెట్టగలదు గాని వాటిలోని గింజను చూడలేదు. నాసిరకం బియ్యాన్ని అనుమతించారన్న ఆరోపణలపై 2015 ఫిబ్రవరిలో అవినీతి నిరోధక అధికారులు పౌర సరఫరాల సంస్థ కార్యాలయాల్లోనే సోదాలు జరిపారు.

 

రాష్ట్రానికి దక్షిణాన ఉన్న బస్తర్‌లో మాత్రం కంప్యూటరుకు లొంగని మరో సమస్య వానాకాలం. వాగులు పొంగితే అబూఝ్‌మాడ్ వంటి చోట్ల దారులు మూసుకుపోతాయి కనుక, అక్కడి దుకాణాలకు కొన్ని నెలల రేషన్‌ను వానలకు ముందే చేర్చి నిల్వ చేస్తారు. చిన్న గోదాములో, చెమ్మగాలిలో, నెలల తరబడి ఉండవలసిన ఆ బియ్యానికి పురుగు పట్టే అవకాశం ఎక్కువ కాబట్టి, రాయ్‌పూర్‌లో కూర్చున్న మేనేజరు వేసవిలోనే తేమ తక్కువ ఉన్న బస్తాలను ఏరించి, ఆ దారి పట్టే లారీలకు కేటాయించవలసి ఉంటుంది.