ఎవరి సొమ్ము, ఎవరి వేలం?

మన గుంటూరు, ప్రకాశం జిల్లాల పాఠకులకు వేలం అంటే ఏమిటో విడమరచి చెప్పనక్కరలేదు. ఒంగోలు, కొండపి, టంగుటూరు, పొదిలి, కనిగిరి వేలం కేంద్రాలలో ఏటా పొగాకు బేళ్లు బారులు తీరి ఉంటాయి. కొనుగోలుదారులు ఒక్కొక్క బేలు వద్ద ఆగి, ఆకు రంగును, నాణ్యతను పరిశీలించి ధర పలుకుతారు. (పొగాకు మంచిచెడ్డల మాట వేరు. ఇక్కడ మేము మాట్లాడుతున్నది అమ్మకపు పద్ధతిని గురించి మాత్రమే.) గుంటూరు మిర్చి యార్డులో టిక్కీలు దిగిన రోజున రైతు తన సరుకు పక్కనే నిలబడి ఉంటాడు. కాయ ఏ ఊరిదో, ఎవరి చేనులో పండిందో అడిగితే చెప్పేవారు అక్కడే ఉంటారు. తగవంతా ధర దగ్గరే. సరుకు ఎవరిది అన్న ప్రశ్న అక్కడ తలెత్తదు.

లండన్, న్యూయార్క్, జెనీవా, హాంకాంగ్ నగరాలలో మరో రకం వేలం జరుగుతూ ఉంటుంది. చల్లని గదులు, మెత్తని కుర్చీలు, నిగనిగలాడే రంగుల కేటలాగులు. అక్కడ పాటకు వచ్చేవి పాత శిల్పాలు, పురాతన నాణేలు, రాజుల నగలు, బంగారు సిరాతో రాసిన ఖుర్ఆన్ ప్రతులు. మన నేలలో పుట్టిన వస్తువులు కూడా ఆ బజారులోకి చేరాయి. అక్కడ ధర క్షణాలలో తేలిపోతుంది. అమ్ముతున్న వ్యక్తికి ఆ వస్తువుపై హక్కు ఎలా వచ్చింది అన్న ప్రశ్న మాత్రం ఏళ్ల తరబడి తేలదు.

వేలం పద్ధతి ఇస్లాంలో తప్పు కాదు. హజ్రత్ అనస్ (రజి) ద్వారా అబూ దావూద్ తదితర హదీసు గ్రంథాలలో వచ్చిన ఒక సంఘటన చాలామంది పాఠకులు వినే ఉంటారు. అన్సారీలలో ఒక పేదవాడు దైవప్రవక్త (స) సన్నిధికి యాచనకు వచ్చాడు. ఇంట్లో ఏమున్నదని ఆయన విచారించారు. సగం కప్పుకొని సగం పరచుకొనే ఒక దుప్పటి, నీళ్లు తాగే ఒక గిన్నె తప్ప మరేమీ లేవు. ఆయన వాటిని తెప్పించి, స్వయంగా చేత పట్టుకొని, కొనేవారెవరని అడిగారు. ఒకరు ఒక దిర్హం ఇస్తామన్నారు. అంతకంటే ఎక్కువ ఇచ్చేవారెవరని ఆయన రెండు మూడు మార్లు అడిగిన మీదట మరొకరు రెండు దిర్హములు ఇచ్చి తీసుకున్నారు. ఒక దిర్హంతో ఇంటికి తిండి, రెండవ దానితో గొడ్డలి. ఆ గొడ్డలికి పిడిని దైవప్రవక్త (స) తమ చేతులతోనే బిగించి ఇచ్చారు. పదిహేను రోజులు కట్టెలు కొట్టి అమ్మిన ఆ వ్యక్తి పది దిర్హములు సంపాదించి తిరిగి వచ్చాడు.

ఈ ఉదంతాన్ని సాధారణంగా శ్రమ గౌరవం గురించి చెబుతారు. అందులో వేలం ధర్మం కూడా ఇమిడి ఉందని మాకనిపిస్తుంది. అమ్మకానికి వచ్చిన వస్తువు ఎవరిదో సభలో అందరికీ తెలుసు. యజమాని అక్కడే ఉన్నాడు, అతని సమ్మతి ఉంది. పాట పెంచిన వ్యక్తి నిజంగా కొనదలచి పెంచాడు, డబ్బు కట్టి వస్తువు పట్టుకెళ్లాడు. డబ్బు పూర్తిగా యజమాని చేతికే చేరింది. ఈ షరతులలో ఏ ఒక్కటి తప్పినా వేలం రూపమే మారిపోతుంది. అందుకే ‘నజష్’ను, అంటే కొనే ఉద్దేశం లేకుండా కేవలం ధర పెంచడానికి, ఇతరులను మభ్యపెట్టడానికి పాట పాడడాన్ని, ఆయన స్పష్టంగా నిషేధించారు. ఈ నిషేధం బుఖారీ, ముస్లిం గ్రంథాలు రెండింటిలోనూ ఉంది. మన ఊళ్లలో చేపల చెరువు పాటకో, చింతచెట్ల పాటకో వెళ్లిన వారికి ఈ దొంగపాటగాళ్లు కొత్త కాదు.

ఇక ప్రకాశం జిల్లా రాయి కథకు వద్దాం.

దొనకొండ మండలంలో గుండ్లకమ్మ ఒడ్డున చందవరం అనే ఊరుంది. అక్కడి కొండపై శాతవాహనుల నాటి బౌద్ధ స్తూపాన్ని 1964లో పురావస్తు పరిశోధకులు వేలూరి వెంకట కృష్ణశాస్త్రి గుర్తించారు. 1970లలో తవ్వకాలు జరిగి, సున్నపురాతి శిల్పఫలకాలు బయటపడ్డాయి. వాటిని అక్కడే చిన్న ప్రదర్శనశాలలో ఉంచారు. అమరావతి శిల్పాలు అప్పటికే దేశం దాటిపోయాయి. మెకంజీ, వాల్టర్ ఇలియట్ వంటి కంపెనీ అధికారుల కాలంలో తవ్వి తీసిన రాళ్లలో నూటికి పైగా నేడు బ్రిటిష్ మ్యూజియంలో ఉన్నాయి. చందవరం రాళ్లు మాత్రం స్వతంత్ర భారతంలో, మన చట్టాల నీడలో వెలికి వచ్చినవి. అయినా వాటికి రక్షణ దొరకలేదు.

2005లో ఆస్ట్రేలియా రాజధాని కాన్బెర్రాలోని నేషనల్ గ్యాలరీ ఒక శిల్పఫలకాన్ని కొన్నది. బుద్ధుని పూజిస్తున్న భక్తులు చెక్కి ఉన్న ఆ రాయిని న్యూయార్క్‌లోని నాన్సీ వీనర్ అనే పురావస్తు వ్యాపారి నుండి 5,95,000 అమెరికన్ డాలర్లకు తీసుకున్నది. అమ్మకపు కాగితాలన్నీ సక్రమంగానే కనిపించాయి. కొన్నేళ్లకు ఒక ఛాయాచిత్రం బయటికి వచ్చింది. అదే ఫలకం చందవరం ప్రదర్శనశాలలో ఉన్నప్పుడు తీసిన చిత్రమది. కాగితాలు ఏమి చెప్పినా, ఆ రాయి ఇటీవలి వరకు గుండ్లకమ్మ ఒడ్డునే ఉందని ఆ ఒక్క చిత్రం తేల్చింది. 2016 సెప్టెంబరులో ఆస్ట్రేలియా ప్రభుత్వం కాన్బెర్రాలో ఆ ఫలకాన్ని భారత సాంస్కృతిక మంత్రి మహేశ్ శర్మకు అప్పగించింది.

అదే ఏడాది డిసెంబరులో నాన్సీ వీనర్‌ను న్యూయార్క్‌లో అరెస్టు చేశారు. 2021లో ఆమె న్యాయస్థానంలో నేరం అంగీకరించారు. దొంగ సొత్తుకు పుట్టుక ఎలా సృష్టిస్తారో ఆ కేసు విప్పి చూపింది. తవ్విన గాయాలు కనబడకుండా మరమ్మతు చేయించడం మొదటి మెట్టు. ఫలానా దేశంలో ఫలానా దొర ఇంట చిరకాలంగా ఉన్నదని యాజమాన్య చరిత్ర అల్లడం రెండవది. ఆ అల్లిక ఎక్కువగా 1970ల ముందుకే పోతుంది, ఎందుకంటే సాంస్కృతిక సంపద అక్రమ రవాణాపై యునెస్కో ఒప్పందం 1970 నాటిది, మన పురావస్తు చట్టం 1972 నాటిది. మూడవ మెట్టు వేలంశాల. తమ మనుషుల చేతనే పేరుకు పాట పాడించి కొనిపిస్తే, ఫలానా ప్రసిద్ధ వేలంలో అమ్ముడైనది అన్న ముద్ర ఆ వస్తువుకు పడుతుంది. ఇలాంటి ఉత్తుత్తి కొనుగోళ్లు జరిగాయని దర్యాప్తు అధికారులు అభియోగంలో పేర్కొన్నారు.

నజష్‌లో ఉత్తుత్తి పాట ధరను పెంచుతుంది. ఇక్కడ ఉత్తుత్తి పాట దొంగ సొత్తును దొర సొత్తుగా మారుస్తున్నది. మొదటి దానిలో నష్టపోయేది ఒక్క కొనుగోలుదారు. రెండవ దానిలో నష్టపోయింది ఒక ఊరు. చందవరం మనది కాని మతానికి చెందిన క్షేత్రమే కావచ్చు. అమానతు విషయంలో ఆ తేడా చూడరాదు.

కృష్ణ ఒడ్డుకు వెళితే వ్యవహారం మరింత చిక్కుపడుతుంది. ప్రపంచమంతా గోల్కొండ వజ్రాలు అని పిలుస్తుంది. గోల్కొండ వాటి రాజధాని, బజారు. గనులలో పేరెన్నికగన్నది మాత్రం మన కొల్లూరు. నిన్నటి గుంటూరు జిల్లా, నేటి పల్నాడు. 17వ శతాబ్దంలో అక్కడికి వచ్చిన ఫ్రెంచి వర్తకుడు టావెర్నియే ఆ గనిలో 60,000 మంది పనిచేస్తున్నారని రాశాడు. మగవారు తవ్వితే ఆడవారు, పిల్లలు మట్టి మోసేవారట. ఇప్పుడు ఆ నేల పులిచింతల జలాశయం నీటి కిందికి పోయింది. కోహినూర్ కొల్లూరులోనే దొరికిందని చాలామంది చరిత్రకారుల అభిప్రాయం.

ఆ గనుల వజ్రాలు నేటికీ వేలానికి వస్తూనే ఉన్నాయి. గోల్కొండ రాయిగా పేరున్న 76 కేరట్ల ‘ఆర్చ్‌డ్యూక్ జోసెఫ్’ వజ్రం 2012లో జెనీవాలో సుమారు 2 కోట్ల 15 లక్షల డాలర్లు పలికింది. ‘ప్రిన్సీ’ అనే గులాబీరంగు వజ్రం ఒకప్పుడు నిజాం ఖజానాలోది. 1960లో లండన్ వేలంలో 46,000 పౌండ్లకు పోయింది. అదే 2013లో న్యూయార్క్‌లో 3 కోట్ల 93 లక్షల డాలర్లు తెచ్చింది. వీటిని దొంగసొత్తు అనడానికి ఆధారం లేదు. అమ్మినవారు, కొన్నవారు చట్టం ప్రకారమే నడిచారు. అయితే రాతి ఫలకానికి ఛాయాచిత్రం సాక్ష్యం పలికినట్లు వజ్రానికి పలికేవారు లేరు. సానబట్టిన వజ్రం తన ఊరి పేరు చెప్పదు. మట్టి మోసిన పిల్లల కూలి ఎంతో ఏ కేటలాగులోనూ ఉండదు.

నిజాం నగల విషయంలో ప్రభుత్వం వేరే దారి తొక్కింది. నిజాం ట్రస్టుల ఆధీనంలో ఉన్న 173 నగలను విదేశీ వేలానికి పోనీయకుండా, సుదీర్ఘ న్యాయ వివాదం తరువాత 1995లో 218 కోట్ల రూపాయలకు కేంద్రమే కొన్నది. అప్పట్లో అంత డబ్బు అవసరమా అన్నవారున్నారు. పై అంకెలు చూస్తే ఆ బేరం చౌకే అనిపిస్తుంది.

ఇటీవల 2025లో మరొకటి జరిగింది. 1898లో ఉత్తరప్రదేశ్‌లోని పిప్రహ్వా స్తూపంలో దొరికిన రత్నాలను, తవ్వించిన ఆంగ్లేయుని వారసులు హాంకాంగ్‌లో మే 7న వేలానికి పెట్టారు. భారత ప్రభుత్వం నోటీసు ఇవ్వడంతో వేలం నిలిచింది. గోద్రెజ్ సంస్థ వాటిని కొనగా జూలైలో దేశానికి చేరాయి. వేలం ఆపించడం మంచిదే. కాని సమాధి నుండి తీసినదానికి మళ్లీ వెల కట్టి తెచ్చుకోవలసి రావడం మాకు మింగుడుపడని విషయం.

మన పవిత్ర గ్రంథానికి కూడా ఈ బజారు తప్పలేదు. 2020 జూన్‌లో లండన్‌లో తైమూరీ కాలపు ఖుర్ఆన్ ప్రతి ఒకటి 70 లక్షల పౌండ్లకు అమ్ముడుపోయింది. చైనా రంగు కాగితంపై రాసిన 15వ శతాబ్దపు ప్రతి అది. కేటలాగులో దాని యాజమాన్యం 1980ల దాకానే చెప్పారు. అంతకు ముందు 500 ఏళ్లు అది ఏ మస్జిదులో, ఏ మదరసాలో, ఎవరి వక్ఫ్‌గా ఉన్నదని పండితులు ప్రశ్నించారు. అది వక్ఫ్ అయితే అమ్మే హక్కు ఎవరికీ లేదు కదా! అంతకంటే బాధాకరం, పూర్తి ప్రతి కంటే విడి ఆకులు కలిపి ఎక్కువ ధర తెస్తాయని పాత ముస్‌హఫ్‌లను విప్పి ఆకులుగా అమ్మడం.

ఇదంతా పెద్దల బజారు, మనకేమిటి అనుకోవద్దు. తాతగారి నాటి బిద్రీ పాన్‌దాన్, ఇత్తడి దేగిశాలు, మొగలు వెండి రూపాయలు, పెట్టె అడుగున ఫారసీ రాతప్రతి, ఇవి మన ఇళ్లలోనూ ఉంటాయి. సంతల వెంట తిరిగే కొనుగోలుదారులు ‘పాత సామాను’ పేరుతో గుమ్మం దాకా వస్తున్నారు. చట్టం సంగతి తెలుసుకోవడం మంచిది. 100 ఏళ్లు దాటిన వస్తువు, 75 ఏళ్లు దాటిన విలువైన రాతప్రతి పురావస్తువుల కిందికి వస్తాయి. వాటిని దేశంలో అమ్మడం నేరం కాదు గాని, వ్యాపారం చేసేవారికి లైసెన్సు ఉండాలి. దేశం దాటించడం ప్రైవేటు వ్యక్తులకు నిషిద్ధం, ఆరు నెలల నుండి మూడేళ్ల దాకా జైలు. పాత శిల్పాలు, వర్ణచిత్రాలు, బొమ్మలున్న రాతప్రతులు ఉంటే పురావస్తు శాఖ రిజిస్టరింగ్ అధికారి వద్ద నమోదు చేయించాలి. పునాది తవ్వేటప్పుడో, పత్తి చేను దున్నేటప్పుడో నాణేల కుండ బయటపడితే, 1878 నాటి నిధి నిక్షేపాల చట్టం ప్రకారం పది రూపాయల విలువ దాటిన దేనినైనా కలెక్టరుకు తెలియజేయాలి. చెప్పకుండా కరిగిస్తే శిక్ష ఉంది.

ఈ జాగ్రత్తలన్నిటికంటే ముందు ఇంటి లోపలి ప్రశ్న ఒకటుంది. తండ్రి మరణించాక పెద్ద కొడుకు ఇంట ఉన్న పాత వస్తువు పెద్ద కొడుకుది కాదు. అప్పులు, వసియ్యత్ తీరిన తరువాత మిగిలిన ఆస్తిలాగే అందులో తల్లికి, అన్నదమ్ములకు, అక్కచెల్లెళ్లకు షరీఅత్ నిర్ణయించిన వాటాలున్నాయి. పొలం పంపకంలో చెల్లెలి పేరు గుర్తుకు తెచ్చుకునే కుటుంబాలు కూడా పాన్‌దాన్ విషయంలో ఆమెను అడగడం లేదు. అత్తవారింట ఉన్న ఆమెకు, పుట్టింటి వస్తువు హైదరాబాదులో ఎవరి గాజు బీరువాలోనో చేరిందని ఏ పెళ్లిలోనో తెలుస్తుంది.

దీనికి తేలికైన మార్గం ఉంది. వస్తువును ముందుగా తెలిసిన ఇద్దరికి చూపించి ఉజ్జాయింపు వెల తెలుసుకోవాలి. తరువాత వారసులందరినీ కూర్చోబెట్టి ఇంటివారి మధ్యనే పాట పెట్టాలి. ఎక్కువ ఇచ్చినవారు వస్తువు ఉంచుకొని, మిగిలినవారికి వారి వారి వాటా నగదుగా లెక్కకట్టి ఇవ్వాలి. ఎవరూ ఉంచుకోలేకపోతే అందరి సమ్మతితో బయట అమ్మి, వచ్చినది పంచుకోవాలి. ఆ రోజున వస్తువుకు రెండు ఫొటోలు తీసి, ఎవరి నుండి ఎవరికి వచ్చిందో నాలుగు వరుసలు రాసి, అందరి సంతకాలతో దస్తావేజుల సంచిలో ఉంచాలి.